తగ్గిందన్న మాట

పోయిన వారం మనం వెల్డింగ్ మేస్త్రిని పెద్దాసుపత్రి వార్డులో, కిటికీ పక్క మంచం మీద వదిలి వచ్చాం. షెడ్డులో బస్సు రేకులు అతుకుతూ, చేతిలో కడ్డీ చేతిలో ఉండగానే కూలబడిన మనిషి. తెల్లగుడ్డు అన్నది లేకుండా కళ్ళు పచ్చబడ్డాయి. ఒంట్లో హెపటైటిస్ బి ఉన్న సంగతి ఆ ఇంటికి కొత్త కాదు. వాళ్ళమ్మ దానితోనే పొట్ట ఉబ్బి పోయింది. పుట్టుకతోనే ఆ వైరస్ కొడుక్కీ కూతురికీ అంటిందని ఆవిడ పోయాక గాని తెలియలేదు. అప్పటినుంచి మేస్త్రి రోజుకో బిళ్ళ వేసుకుంటూ, ఆర్నెల్లకోసారి రక్తం చూపించుకుంటూ, నలుగురి పని ఒక్కడే చేసుకుంటూ తిరుగుతున్నాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి ఇలా ఎందుకయింది? డాక్టరమ్మ రిపోర్టులు చూసి ఒక్క మాటే అడిగింది. "బిళ్ళ ఎప్పుడు మానేశాడు?"

"మానలేదండీ. రోజూ నా చేత్తో నేనే ఇస్తున్నా. దేవుడి తోడు" అంది వదినమ్మ.

ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేలకుండానే ఆ వారం కథ ముగిసింది.

వదినమ్మ అంటే మేస్త్రి భార్యే. వీధి చివర ఇస్త్రీ బండి ఆమెది. ఆడపడుచు పెళ్ళికి ముందు పొద్దస్తమానం "వదినా, వదినా" అని ఇల్లెగిరిపోయేలా పిలుస్తుంటే విని విని వీధి మొత్తం ఆ పేరే ఖాయం చేసింది. ఆమెకన్నా ఎంతో పెద్దవాళ్ళు కూడా "వదినమ్మా, నా చొక్కా అయిందా?" అనే అడుగుతారు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, మేస్త్రిని లేపి కూర్చోబెట్టించింది.

"రెండు చేతులూ ముందుకు చాపు. ఎదురుగా వస్తున్న బస్సుని ఆపుతున్నట్టు. ఆఁ, అలాగే ఉంచు."

మేస్త్రి చేతులు చాపాడు. రేకు మీద దారం పరిచినట్టు అతుకు వేసే చేతులవి. షెడ్డులో ఎవరి పని వంకర పోయినా ఆ చేతుల్నే పిలిచేవాళ్ళు. ఇప్పుడవి మణికట్టు దగ్గర ఊరికే వాలిపోతున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి, మళ్ళీ వాలుతున్నాయి. వదినమ్మ చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"ఇది ఏ నెల?" అడిగింది డాక్టరమ్మ.

"ఏం, మీకు తెలీదా?" అన్నాడు మేస్త్రి, నవ్వి.

డాక్టరమ్మ నవ్వలేదు. వదినమ్మని కొంచెం పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. "లివర్ రక్తాన్ని శుభ్రం చేయలేకపోతోందమ్మా. ఆ మురికి మెదడుకి ఎక్కుతోంది. కాసేపు తెలివిగా ఉంటాడు, కాసేపు ఎవరినీ గుర్తు పట్టడు. బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాం. ఈ వారం గట్టెక్కితే ఆశ ఉంది. ఎక్కకపోతే..." ఆగింది. "నీ మీద నాకు కోపం లేదు. కానీ ఒక సంగతి నాకు తెలియాలి. రోజూ వేసుకుంటుండగానే వైరస్ ఇలా ఎగిరిందంటే ఆ మందు పనిచేయట్లేదని అర్థం, వేరే మందు చూడాలి. మానేసి ఉంటే పాత మందే చాలు. ఏది నిజమో తెలియకుండా నేను చీకట్లో చెయ్యి పెట్టినట్టుంది."

"నా కళ్ళముందు మింగుతాడండీ" అంది వదినమ్మ. ఆ మాట అంటుంటే ఆమె గొంతు ఆమెకే నమ్మకంగా వినిపించలేదు.

డాక్టరమ్మ అటు వెళ్ళగానే, పక్క మంచం తాత దుప్పటిలోంచి తల బయటపెట్టాడు. ఆయనదీ లివర్ జబ్బే, కాకపోతే తాగుడు వల్ల వచ్చింది.

"అమ్మాయ్, నేనూ మా ఆవిడకి చుక్క ముట్టలేదనే చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్ళు నమ్మింది పిచ్చిది. చివరికి ఈ పాడు లివరు నోరు తెరిచి మొత్తం చెప్పేసింది."

"మా ఆయన అలాంటివాడు కాదు తాతా."

"నేనూ అలాంటివాణ్ణి కాదనే అనుకుంది మా ఆవిడ."

వదినమ్మ స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. రోజూ భోజనమయ్యాక బిళ్ళ ఆయన అరచేతిలో పెట్టేది, ప్రసాదం పెట్టినంత భక్తిగా. నీళ్ళ గ్లాసు అందించేది. గుటక పడేదాకా ఎదురుగా నిలబడేది. ఇవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఎక్కడా లొసుగు దొరకలేదు. మరి దేవుడెందుకు ఇలా చేశాడు? అడగకూడదనుకుంటూనే అడిగింది. తను చేయవలసింది ఏదీ తక్కువ చేయలేదే. తక్కువ చేసినవాళ్ళు హాయిగా తిరుగుతున్నారే.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చాలాసేపు చూశాడు. మొహమంతా మెత్తబడింది.

"పిచ్చుకా, వచ్చావా తల్లీ?"

వదినమ్మ ఉలిక్కిపడింది. పిచ్చుక ఆయన చెల్లెలు. చిన్నప్పుడు గుప్పెడు మనిషిగా ఉండేదని అన్నగారు పెట్టిన పేరు. పెళ్ళయి ఊరికి అటు చివర కాపురం. ఇప్పుడు నిండు చూలాలు.

"నేనండీ" అనబోయింది. అంతలో ఆయనే గొంతు తగ్గించి అన్నాడు. "బిళ్ళలు అయిపోయాయా? ఈ వారం డబ్బా తేలేకపోయాను. మీ వదిన కదలనివ్వట్లేదు."

ఏ బిళ్ళలు? ఏ డబ్బా? నేను పిచ్చుకని కాదు అంటే ఆ నోరు మూసుకుపోతుంది. మళ్ళీ తెలివి వచ్చాక ఈయన చచ్చినా చెప్పడు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

అయితే అడగాలంటే చెల్లెలిలాగే అడగాలి. చెల్లెలిలా అడగాలంటే ఒక పిలుపు పిలవాలి. మొగుణ్ణి ఏ ఆడదీ పిలవకూడని పిలుపు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో 'నువ్వు' అని కూడా అనలేదు ఆమె. 'స్వామీ, ఈ ఒక్కసారికి నా లెంపలు నేనే వేసుకుంటా' అనుకుంది. పక్క మంచం తాత అటు తిరిగి పడుకున్నాడు. ఆమె ముందుకు వంగింది.

"అన్నయ్యా" అంది.

నోట్లో నిప్పు పెట్టుకున్నట్టయింది. కానీ ఆయన మొహం విప్పారింది.

"చెప్పు తల్లీ."

"నీ బిళ్ళలు నాకిచ్చేస్తే... నీకెలా?"

"పిచ్చి మొహమా, ఎన్నిసార్లు చెప్పాలి? నాకు తగ్గిపోయిందిగా! డాక్టరమ్మే చెప్పింది. టెస్టుకి కూడా దొరకట్లేదంట. తగ్గిపోయినవాడికి మందెందుకు? నువ్వు వేసుకో. ఓపీ గోడ మీద బొమ్మేశారు చూడు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆఖరి నెలల్లో వేసుకుంటే బిడ్డకి అంటదని. అమ్మ మనకిచ్చింది. నువ్వు నీ బిడ్డకి ఇవ్వకూడదు."

"వదిన చూడదా?"

మేస్త్రి చిన్నపిల్లాడిలా కిసుక్కున నవ్వాడు. "పులిలా నిలబడుతుంది ఎదురుగా! వెల్డింగు చేతులే ఇవి. వేళ్ళ సందున బిళ్ళ ఇరికిస్తే కనపడి చస్తుందా? ఉత్త నీళ్ళు గుటక వేసేవాణ్ణి. తర్వాత పిప్పరమెంటు డబ్బాలో పడేసేవాణ్ణి. పాపం, మురిసిపోయేది." మళ్ళీ మగత కమ్మింది. "చెప్పకే దానికి. తెలిస్తే ఊరుకోదు."

వదినమ్మ లేచింది. వరండాలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని, రెండు లెంపలూ వేసుకుంది. ఆ పిలుపుకి మాత్రమే వేసుకుందో, ఇన్నాళ్ళూ ఆ గుటక చూసి మురిసిపోయినందుకు కూడా వేసుకుందో ఆమె చెప్పలేదు.

డాక్టరమ్మ ఓపీ గదిలో ఉంది. వదినమ్మ బల్ల ముందు నిలబడి అంతా చెప్పింది. విని డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మాట నేనే అన్నాను" అంది మెల్లగా. "పోయినసారి రిపోర్టు చూసి, 'చాలా తగ్గింది, టెస్టుకి కూడా కనపడట్లేదు' అన్నాను. మందు మాత్రం ఆపొద్దని కూడా చెప్పాను. చెప్పకుండా ఎవరినీ పంపను."

"చెప్పే ఉంటారండీ. కానీ మా పిల్లాడికి జ్వరం తగ్గింది అంటే జ్వరం పోయిందనే కదా. దగ్గు తగ్గిందంటే దగ్గు లేదనే కదా. తగ్గింది అన్నాక ఇంక ఆ తర్వాతి మాట ఎవరి చెవికెక్కుతుంది? ఆయన ఆ రోజు ఇంటికి వస్తూ నాకు పూలు తెచ్చాడండీ. ఎందుకో అర్థం కాలేదు. అడిగితే ఊరికే అన్నాడు."

బయట వరసలో ఎంతమంది కూర్చున్నారో, వాళ్ళలో ఎంతమందికి అదే మాట చెప్పి పంపిందో లెక్క చూసుకుంటున్నట్టు డాక్టరమ్మ తలుపు వైపు చూసింది.

"తగ్గింది అనకుండా మరేమనాలి?" అంది, వదినమ్మని అడుగుతున్నట్టూ కాదు, తనని తాను అడుగుతున్నట్టూ కాదు.

వదినమ్మ దగ్గర మాత్రం మాట ఎక్కడుంది? పోనిది, పోయినట్టు కనపడేది, బిళ్ళ వేస్తున్నంతకాలం తల దించుకుని పడి ఉండేది. అలాంటి దానికి మన ఇళ్ళల్లో ఏ పేరూ పెట్టుకోలేదు. జబ్బంటే ఉండటమో పోవడమో అంతే మనకి.

"అణిగి ఉంది అంటాను ఇకనుంచి" అంది డాక్టరమ్మ. "సరే, అది తర్వాత. మానేశాడని తెలిసింది, అది మంచిదే. మందు మార్చక్కర్లేదు. లివర్ తట్టుకుంటుందా లేదా అన్నదే మిగిలింది. ముందు ఆ అమ్మాయి సంగతి చెప్పు. ఎన్నో నెల?"

"నెలలు నిండాయండీ. ఇవాళో రేపో."

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "బిళ్ళలు ఆగిపోయి వారం అయిందన్నమాట. ఆమెకీ మీ వారిలాగే జబ్బు తిరగబడొచ్చు. ఆమెని నేను చూడాలి. అంతకన్నా ముందు బిడ్డ. పుట్టిన వెంటనే, ఆ రోజే, రెండు సూదులు పడాలి. ఒకటి టీకా. అది ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది వైరస్‌ని అప్పటికప్పుడే అడ్డుకునే రక్షణ మందు. అది చిన్న ఆసుపత్రుల్లో ఉంచరు. మా దగ్గర ఉంది. కాన్పు చేసే చోట వాళ్ళకి ఈమె సంగతి తెలుసా?"

"తెలీదండీ. మొదటిసారి డాక్టరుకి చూపించిన రోజు నుంచీ అత్తగారు పక్కనే ఉంటుంది. రక్తం తీసే రోజున పిచ్చుక ఏదో వంక పెట్టి తప్పించుకుందని విన్నా. అప్పుడు నాకు అర్థం కాలేదు."

"తర్వాతెప్పుడో వేయిస్తే కుదరదమ్మా. పెద్దయ్యాక అంటితే చాలామందికి దానంతటదే పోతుంది. పసిబిడ్డకి అంటితే జీవితాంతం ఉండిపోతుంది. ఆ మంచం మీద పడుకున్నది ఎవరనుకున్నావు? అలాంటి పసిబిడ్డే."

వదినమ్మ వార్డులోకి తిరిగి వచ్చేసరికి మేస్త్రి మెలకువగా ఉన్నాడు. ఈసారి చూపు తేటగా ఉంది.

"ఎక్కడికెళ్ళావే?" అన్నాడు.

"పిచ్చుక బిళ్ళల సంగతి డాక్టరమ్మకి చెప్పి వస్తున్నా."

ఆయన మొహంలో మిగిలిన ఆ కాస్త రక్తమూ దిగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"మీరే. నన్ను పిచ్చుక అనుకుని." మిగిలింది చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. తర్వాత వదినమ్మే అంది, గొంతు లేపకుండా. ఆమె కోపం ఎప్పుడూ అంతే, బొగ్గుల పెట్టెలో నిప్పులా లోపలే ఉంటుంది. "దానం చేయడానికి మీకు ఇంకేమీ దొరకలేదా? ఒళ్ళు తీసి ఇచ్చేశారా?"

"తగ్గిపోయిందనుకున్నాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నీతో అంటే నువ్వు ఊరుకుంటావా? దాన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి డాక్టరమ్మ ముందు కూర్చోబెడతావు."

"అవును, కూర్చోబెట్టేదాన్ని! దాని బిళ్ళలు దానికి ఇప్పించేదాన్ని. మీరు ఇలా పడుకునేవాళ్ళు కాదు."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "మొదటి సంబంధం ఎలా తప్పిపోయిందో మరిచిపోయావా? అంతా కుదిరాక ఎవడో వెళ్ళి చెవిలో వేశాడు. కామెర్ల కొంప అన్నారు మన ఇంటిని. పిచ్చుక పది రోజులు అన్నం ముట్టలేదు. అందుకే ఈ సంబంధానికి నోరు మూసుకున్నాం. చచ్చినా చెప్పనని దానికి మాటిచ్చాను. మన పిల్లాడి మీద ఒట్టేశాను."

"మీరు వేశారు. నేను వేయలేదు."

"దాని కాపురమే."

"దాని బిడ్డండీ!"

మేస్త్రి చేయి చాపి ఆమె కొంగు అంచు పట్టుకున్నాడు. ఆ చేతికి పట్టు లేదు, అయినా వదల్లేదు. వదినమ్మకి తెలుసు, ఒట్టు అంటే చిన్న సంగతి కాదు. ఆమె కూడా ఒట్లకి భయపడి పెరిగిన మనిషే. కానీ ఒక పసిప్రాణం మీద వేసిన ఒట్టు నిలబెట్టడానికి ఇంకో పసిప్రాణాన్ని బలివ్వమని ఏ దేవుడైనా అడుగుతాడా? అడిగితే ఆయన దేవుడేనా? తప్పు తప్పు అనుకుంది. అనుకుంటూనే ఆ ప్రశ్నని వెనక్కి తీసుకోలేదు.

అప్పుడే ఫోను మోగింది. పిచ్చుక అత్తగారు.

"అమ్మాయ్, నొప్పులు మొదలయ్యాయి! ఆసుపత్రికి తీసుకొచ్చేశాం. పొద్దున్నించీ ఒంట్లో బాగాలేదు అంటుంటే నేను అరగలేదేమో అనుకున్నా. మీ ఆయనకి ఎలా ఉంది? మీరు రాలేరులే, నాకు తెలుసు. మా వాడు కూడా లారీ వదిలేసి వచ్చేశాడు, ఇక్కడే నా పక్కనే ఉన్నాడు."

"పిన్నిగారూ, పిల్ల ఎలా ఉంది?"

"అరుస్తోంది, ఇంకెలా ఉంటుంది! మేం అరవలేదా? ఇదిగో, ఇక్కడ నర్సు అమ్మాయి ఒకటే ప్రశ్నలు. రక్తం ఎప్పుడు చూపించారు, పాత జబ్బులేమైనా ఉన్నాయా, పుట్టింట్లో ఎవరికైనా ఉన్నాయా అని. మీ పిచ్చుకని అడిగితే పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపుతోంది. ఏమీ లేవని చెప్పేయమంటావా?"

మేస్త్రి అంతా విన్నాడు. 'నిజం చెప్పొద్దు' అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పచ్చటి కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారుతున్నాయి.

"ఫోను నర్సుకివ్వండి పిన్నిగారూ."

"నర్సుకెందుకూ? నాతో చెప్పకూడని రహస్యాలా?" పిన్నిగారు నవ్వింది. "ఉండు, ఆ అమ్మాయి చేతికి తొడుగులున్నాయి. స్పీకర్లో పెడుతున్నా. ఆఁ, అందరికీ వినపడుతుంది, చెప్పు."

ఫోనులోంచి ఆ గది గదంతా వినిపించింది. ఇనుప బల్ల జరిపిన చప్పుడు. ఎవరో నీళ్ళు పోస్తున్న చప్పుడు. వాటి వెనకాల, ఊపిరి బిగబట్టి మూలుగుతున్న ఒక గొంతు. అది ఎవరిదో వదినమ్మకి చెప్పనక్కర్లేదు. ఆ గొంతు తనని పిలిచి పిలిచి ఊరందరికీ వదినని చేసింది.

ఆమె మొగుడి వేళ్ళని తన కొంగు మీంచి ఒక్కొక్కటే విడదీసింది. ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టింది.

"సిస్టరమ్మా, వింటున్నారా? ఆ అమ్మాయికి హెపటైటిస్ బి ఉంది. వాళ్ళమ్మ నుంచి వచ్చింది. బిడ్డ పుట్టగానే టీకా వేసేయండి. ఇంకో మందు మీ దగ్గర ఉండదంట. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇస్తానంది. ఇప్పుడే బయల్దేరి నేనే తెస్తున్నా."

అటు నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. నర్సు ఎవరినో పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ పరుగెత్తినట్టు వినపడింది. పిన్నిగారి నోట ఒక్క మాట లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆవిడ గురించి ఎవరూ అనుకోరు.

తర్వాత ఫోను ఎవరో చేతిలోకి తీసుకున్నారు. పిచ్చుక మొగుడు. అతను ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, ఇప్పుడూ మాట్లాడలేదు.

"అక్కా, బిడ్డ కోసం చెప్పి మంచి పని చేశారు. మందు తీసుకుని రండి. ఒక్కటి మాత్రం నాకు చెప్పండి. ఇది మీ అందరికీ మా పెళ్ళికి ముందే తెలుసా, తర్వాత తెలిసిందా?"